పంపు తిరుగుతోంది.. నీళ్లు కదలట్లేదు!

మే నెల ఎండలో బైక్‌కి ఫోన్ తగిలించి మ్యాప్స్ పెట్టుకుని వెళ్తుంటే స్క్రీన్ దానంతటదే మసకబారడం మీరూ చూసే ఉంటారు. ఛార్జింగ్ ఆగిపోతుంది. కెమెరా తెరుచుకోదు. అంతమాత్రాన ఫోన్ పాడైందని ఎవరూ అనుకోరు. కాసేపు నీడలో పెట్టి, చల్లబడ్డాక మళ్లీ వాడుకుంటాం. అదే పని కంప్యూటర్ చేస్తే మాత్రం ‘ప్రాసెసర్ పోయింది’ అనేస్తారు. పోయిన వేసవిలో ఆ ఒక్క మాట విలువ మా ఇంట్లో 38 వేల రూపాయలు.

మా తమ్ముడు ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. రెండు స్టూడియోల వాళ్లు షూట్ చేసిన ఫుటేజీ హార్డ్‌డిస్కులో తెచ్చిస్తే ఇంట్లోనే కూర్చుని టీజర్, హైలైట్స్, ఫుల్ ఫిల్మ్ తయారుచేసి ఇస్తాడు. వాడు వాడేది 2021లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, దాని మీద 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్. ఆఫీసు మళ్లీ హైదరాబాద్ రమ్మన్నాక ఆ కంప్యూటర్ వాడికిచ్చేశా. దాని మీదే వాడు పని నేర్చుకున్నాడు, దాని మీదే సంపాదిస్తున్నాడు.

ఒక శుక్రవారం రాత్రి అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడు కాదు, అమ్మ. ‘వాడు నా గొలుసు అడుగుతున్నాడే, గోల్డ్ లోన్ పెడతాడంట. నువ్వొకసారి మాట్లాడు’ అంది. వాడికి ఫోన్ చేస్తే విషయం తెలిసింది. రెండు గంటల్లో అయ్యే ఎక్స్‌పోర్ట్ ఐదు గంటలు పడుతోందట. మధ్యలో ఆగిపోతోందట. షాపుకి తీసుకెళ్తే ‘ప్రాసెసర్ వీక్ అయిపోయింది, బోర్డుతో సహా మార్చాలి, 38 వేలు’ అన్నారట. సోమవారం సాయంత్రానికి ఒక ఫుల్ ఫిల్మ్ ఇవ్వాలి. పెళ్లికొడుకు ఆ రాత్రికే అమెరికా ఫ్లైట్ ఎక్కుతున్నాడు. అందరూ కూర్చుని సినిమా చూశాకే బ్యాలెన్స్ డబ్బులు ఇస్తారు.

‘గొలుసు సంగతి సోమవారం చూద్దాం. రేపు పొద్దున్నే వస్తున్నా’ అన్నా.

ప్రాసెసర్ వీక్ అవుతుందా?

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌నే కానీ బీటెక్‌లో చదివింది మెకానికల్. మా బ్యాచ్‌లో సగం మందిది ఇదే కథ. నాలుగేళ్లు ఇంజిన్లు, బాయిలర్లు చదివి, చివరికి జావా నేర్చుకుని ఐటీలో చేరాం. హీట్ ట్రాన్స్‌ఫర్ అనే సబ్జెక్టు ఎప్పుడు పనికొస్తుందో అని అప్పట్లో జోకులేసుకునేవాళ్లం. శనివారం పొద్దున ఇంటికి చేరగానే అదే పనికొచ్చింది.

ముందు సెన్సర్ రీడింగులు చూపించే ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి చూశా. ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నప్పుడే ప్రాసెసర్ 61 డిగ్రీలు. రెండర్ మొదలుపెట్టిన కొన్ని సెకన్లలోనే 90. అక్కడికి చేరగానే వేగం పడిపోవడం మొదలైంది. 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడవాల్సింది పది నిమిషాల్లో 3 కంటే కిందికి దిగిపోయింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈ 5800ఎక్స్‌కి తయారీదారు పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. అది దాటకుండా ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. ఎండలో నడిచేవాడు అడుగు నెమ్మది చేసినట్టన్నమాట. మనిషికి జబ్బు చేసిందని కాదు, నీడ దొరకలేదని అర్థం. ప్రాసెసర్లు అలా ‘వీక్’ అవడం చాలా అరుదు. దాని మీద పుట్టే వేడిని మోసుకెళ్లే దారి ఎక్కడో మూసుకుపోయిందన్నమాట. అదెక్కడో కనిపెట్టాలి.

ఆ దారిలో మొదటి మెట్టు థర్మల్ పేస్ట్. ప్రాసెసర్ పైన ఉండే మెటల్ మూత, కూలర్ కింద ఉండే రాగి పలక.. రెండూ చూడ్డానికి అద్దంలా నున్నగా ఉంటాయి. కానీ దగ్గరగా చూస్తే రెండింటి మీదా కంటికి కనపడని ఎత్తుపల్లాలు. రెండింటినీ ఎంత గట్టిగా బిగించినా ఆ పల్లాల్లో గాలి మిగిలిపోతుంది. వేడిని మోసే విషయంలో గాలి పరమ బద్ధకస్తురాలు. లెక్కల్లో చెప్పాలంటే రాగి ఉష్ణవాహకత సుమారు 400 అనుకుంటే గాలిది 0.03 కూడా ఉండదు. థర్మల్ పేస్ట్‌ది మామూలుగా 4 నుంచి 12 మధ్య ఉంటుంది. అంటే రాగితో పోలిస్తే పేస్ట్ ఏమంత గొప్పది కాదు, గాలితో పోలిస్తే మాత్రం కొన్ని వందల రెట్లు నయం. అందుకే అది పల్లాల్లో గాలిని బయటికి తోసేంత ఉంటే చాలు. గోడకి సున్నం వేసినట్టు మందంగా పూస్తే లాభం లేదు.

ఈ పేస్ట్ ఎందుకు పాడవుతుంది? రెండు కారణాలు. ఒకటి, అందులో ఉండే సిలికోన్ లాంటి నూనె ఏళ్ల తరబడి వేడికి మెల్లగా విడిపోయి, పొడి మిగులుతుంది. రెండోది పంప్ అవుట్. కంప్యూటర్ వేడెక్కినప్పుడు లోహాలు కొంచెం వ్యాకోచిస్తాయి, చల్లబడితే సంకోచిస్తాయి. రోజుకి పదిసార్లు రెండర్ పెట్టే వాడి కంప్యూటర్‌లో ఇది వేల సార్లు జరుగుతుంది. ప్రతిసారీ మధ్యలో ఉన్న పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకి జరిగిపోతుంది. ఎక్కువ వేడి పుట్టే చోటే పేస్ట్ లేకుండా పోతుంది.

వేడి చేసి విప్పాలి!

కూలర్ విప్పే ముందు పావుగంట రెండర్ పెట్టి ప్రాసెసర్‌ని వేడెక్కించి, తర్వాత పవర్ ఆఫ్ చేశా. ‘వేడిగా ఉందని కదక్కా గొడవ, మళ్లీ వేడి చేస్తావేంటి?’ అన్నాడు తమ్ముడు. దానికో కారణముంది. ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకి కింద 1,331 పిన్నులుంటాయి. ఎండిపోయిన పేస్ట్ బంకలా పట్టేసి ఉంటే, కూలర్‌ని నిలువుగా లాగినప్పుడు సాకెట్‌లోంచి ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది. పిన్నులు వంగితే అప్పుడు నిజంగానే షాపువాళ్లు చెప్పిన బిల్లు కట్టాలి. వేడికి పేస్ట్ మెత్తబడుతుంది. అప్పుడు స్క్రూలు తీసి, కూలర్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ పక్కకి జరిపి తీయాలి.

అలాగే తీశా. మధ్యలో రాగి కనిపిస్తోంది. అంచుల చుట్టూ పేస్ట్ ఎండాకాలం చెరువు మట్టిలా నెర్రెలిచ్చి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో రెండు వైపులా తుడిచి, బఠాణీ గింజంత పేస్ట్ మధ్యలో పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించా. నాలుగు గ్రాముల సిరంజి ఐదొందల లోపే దొరుకుతుంది, నాలుగైదు సార్లకి వస్తుంది. యూట్యూబ్‌లో టూత్‌పేస్ట్ పూసి చూపించేవాళ్లుంటారు. అది మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది, అందులో నీరు ఆవిరవగానే పని అయిపోతుంది. లిక్విడ్ మెటల్ అని ఇంకోటుంది. వేడిని పేస్ట్ కంటే చాలా బాగా మోస్తుంది. కానీ అందులో ఉండే గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా కరెంటును పోనిస్తుంది కాబట్టి ఒక్క చుక్క బోర్డు మీద పడితే షార్టే. ఇంట్లో దాని జోలికి పోకపోవడం మేలు.

మళ్లీ ఆన్ చేశాం. ఖాళీగా ఉన్నప్పుడు 61 నుంచి 49కి దిగింది. తమ్ముడి మొహం వెలిగింది. రెండర్ పెట్టాం. 70.. 76.. 81.. ఆరో నిమిషంలో మళ్లీ 90. వాడు ఏం మాట్లాడకుండా కుర్చీలో వెనక్కి వాలాడు.

పేస్ట్ సగం జబ్బే. మిగతా సగం ఇంకెక్కడో ఉంది.

నాన్న చెయ్యి

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. కంప్యూటర్ ఆయనకి తెలీదు, ముట్టుకోరు కూడా. ‘అమ్మా, దానికి రేడియేటర్ ఉందన్నావుగా, ఏదీ?’ అని అడిగారు. పైన ఫ్యాన్ల మీద ఉన్న పలకని చూపించా. ప్రాసెసర్ నుంచి దాని దాకా వెళ్లే రెండు నల్ల పైపులని చెరో చేత్తో పట్టుకున్నారు. రెండు నిమిషాలు అలాగే ఉన్నారు.

‘ఒకటి కాలిపోతోంది, ఒకటి చల్లగా ఉంది. నీళ్లు తిరగట్లేదు’ అన్నారు.

నేను స్క్రీన్ చూపించా. పంపు 2,700 ఆర్‌పీఎం అని స్పష్టంగా చూపిస్తోంది. ‘పంపు తిరుగుతోంది నాన్నా’ అన్నా. ‘పంపు తిరిగితే తిరిగిందిలే. నీళ్లు కదిలాయా అని అడుగుతున్నా’ అన్నారు.

అక్కడే కాగితం తీసి లెక్క వేశా. ఈ ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 142 వాట్ల దాకా లాగుతుంది. నిమిషానికి ఒక లీటరు నీళ్లు పారితే ఆ వేడికి నీటి ఉష్ణోగ్రత పెరిగేది సుమారు 2 డిగ్రీలే. అంటే కూలర్ బాగుంటే రెండు పైపుల మధ్య తేడా చేతికి తెలియనే తెలియకూడదు. ఒకటి కాలుతూ, ఇంకోటి చల్లగా ఉందంటే లోపల ప్రవాహం దాదాపు ఆగిపోయినట్టే. నాన్న చెయ్యి చెప్పిందీ, నా లెక్క చెప్పిందీ ఒకటే. కాకపోతే ఆయనకి రెండు నిమిషాలు పట్టింది, నాకు పొద్దుట్నుంచి పట్టింది.

క్యాబినెట్‌ని మెల్లగా పక్కకి వంచితే లోపల గుడగుడమని చప్పుడు. అంటే లోపల గాలి చేరింది. ఎక్కడా లీకేజీ లేదు, చుక్క తడి లేదు. మరి నీళ్లెటు పోయాయి? ఈ కూలర్ల పైపులు రబ్బరువి. రబ్బరు గోడలోంచి నీటి ఆవిరి చాలా చాలా నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. రోజుల్లో తెలియదు. నాలుగేళ్లలో, అదీ ఖమ్మం లాంటి ఊళ్లో 40 దాటే వేసవుల్లో తెలుస్తుంది. పోయిన నీళ్ల చోట్లోకి గాలి చేరుతుంది. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటుకి పోతుంది. అందుకే రేడియేటర్‌ని క్యాబినెట్ పై భాగంలో బిగిస్తే మంచిది, గాలి అక్కడే ఓ మూల ఉండిపోతుంది. పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండేలా బిగిస్తే గాలంతా పంపులోకే వచ్చి అది త్వరగా అరిగిపోతుంది.

రెండో జబ్బు ఇంకా లోపల ఉంటుంది. చాలా కూలర్లలో ప్రాసెసర్ మీద పలక రాగిది, రేడియేటర్ అల్యూమినియంది. రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది. అది జరక్కుండా నీళ్లలో రసాయనాలు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ వాటి శక్తి తగ్గిపోతుంది. అప్పుడు పుట్టే మడ్డి అంతా వెళ్లి రాగి పలక లోపలుండే సన్నని రెక్కల మధ్య ఇరుక్కుంటుంది. ఆ రెక్కల మధ్య సందు మిల్లీమీటరులో చిన్న భాగం. మడ్డి చేరితే పంపు ఎంత తిరిగినా నీళ్లు దాటలేవు.

‘బస్సుకైతే మూత తీసి, పాత కూలెంట్ వదిలేసి, కడిగి కొత్తది పోస్తాం. దీనికి మూతేదీ?’ అని అడిగారు నాన్న. లేదు. ఇది సీల్ చేసి వచ్చేది. కొన్ని కంపెనీల మోడళ్లకి నీళ్లు నింపుకునే పోర్ట్ ఉంటుంది, దీనికి లేదు. మూడేళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది. ‘మూత లేని రేడియేటర్‌ని ఏ డ్రైవరూ తీసుకోడు’ అని తల ఊపుతూ లోపలికెళ్లిపోయారు.

శనివారం రాత్రి

కొత్త కూలర్ కావాలి. ఈసారి లిక్విడ్ వద్దు, రాగి పైపులు, అల్యూమినియం రెక్కలు, రెండు ఫ్యాన్లు ఉండే టవర్ ఎయిర్ కూలర్ చాలనుకున్నాం. అందులో అరిగేది ఫ్యాన్లే, అవి పోతే రెండు క్లిప్పులు తీసి మార్చుకోవచ్చు. సికింద్రాబాద్ సీటీసీలో ఉందని తెలిసింది. అక్కడికి దగ్గర్లో ఉండే నా ఫ్రెండ్ సాయంత్రం వెళ్లి 3,600కి కొని, ఆర్టీసీ కార్గోలో వేసింది. డిపోలో తనకి తెలిసినవాళ్లకి నాన్న రెండు ఫోన్లు కొట్టారు.

పార్సిల్ వచ్చేది ఆదివారం. అప్పటిదాకా కంప్యూటర్‌ని ఖాళీగా ఉంచలేం. బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ లాగే పవర్‌ని 60 వాట్లకి పరిమితం చేశా. వేగం తగ్గుతుంది, కానీ 90 తాకి పడిపోతూ లేస్తూ నడవడం కంటే ఒకే వేగంతో నడవడం మేలు. సైడ్ ప్యానెల్ తీసేసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాం. 83 దగ్గర నిలబడింది. రెండర్ కదలడం మొదలైంది.

ఆ రాత్రి ఇద్దరం స్క్రీన్ ముందే కూర్చున్నాం. పర్సెంటేజీ 12, 13 అంటూ పెరుగుతోంది. వాడు ఉన్నట్టుండి ‘అక్కా, మార్చి నుంచి ఒక స్టూడియో వాళ్లు పని ఇవ్వడం మానేశారు’ అన్నాడు. రెండు డెలివరీలు లేటయ్యాయట. రెండు నెలలుగా నేను రోజూ ఫోన్ చేస్తున్నా. ‘ఎలా ఉన్నావురా’ అంటే ‘బానే ఉన్నా అక్కా’ అనే వాడు. గొంతులో తేడా కూడా లేదు. ‘కంప్యూటర్ నువ్విచ్చింది. పాడుచేశానని అనుకుంటావేమోనని చెప్పలేదు’ అన్నాడు.

2,700 ఆర్‌పీఎం గుర్తొచ్చింది. ఆఫీసులో నా పని సర్వర్లని కనిపెట్టుకుని ఉండడమే. డాష్‌బోర్డు మీద అన్నీ పచ్చగా వెలుగుతుంటాయి, కస్టమర్ మాత్రం పేమెంట్ ఆగిపోయిందని ఫోన్ చేస్తాడు. సర్వర్ నడుస్తోందా అన్నది ఒక ప్రశ్న, పని జరుగుతోందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి స్క్రీన్ చెబుతుంది. రెండోది తెలియాలంటే దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి చూడాలి.

వాడికి నేనేం పెద్ద మాటలు చెప్పలేదు. ‘నాలుగేళ్లు వాడితే పైపులోంచి నీళ్లు ఆవిరవుతాయిరా. అది నువ్వు చేసింది కాదు’ అన్నా. ఆ రాత్రి వాడు మూడు గంటలైనా నిద్రపోయాడు.

ఇక మీ సంగతి

ఆదివారం మధ్యాహ్నానికి పార్సిల్ వచ్చింది. కొత్త కూలర్ బిగించాం. గది 37 డిగ్రీలున్నా లోడ్‌లో 80 దాటలేదు. పవర్‌ని పూర్తిగా వదలకుండా 110 వాట్ల దగ్గర ఉంచాం. ఏ కూలరైనా గది కంటే చల్లగా చేయలేదు కదా. గదే 37 ఉంటే దాని మీద నుంచే లెక్క మొదలవుతుంది. ఎక్స్‌పోర్ట్ మళ్లీ రెండు గంటల పైచిలుకుకి వచ్చింది. సోమవారం మధ్యాహ్నం తమ్ముడు హార్డ్‌డిస్క్ ఇచ్చొచ్చాడు. బ్యాలెన్స్ వచ్చింది. అమ్మ గొలుసు అమ్మ మెళ్లోనే ఉంది. పోయిన స్టూడియో మాత్రం తిరిగి రాలేదు. దాని బదులు సెప్టెంబరులో ఇంకో ఫొటోగ్రాఫర్ దొరికాడు.

షాపతన్ని తప్పుపట్టాలని రాయట్లేదు ఇదంతా. గంట కూర్చుని జబ్బు కనిపెడితే మనం వంద రూపాయలివ్వడానికి కూడా బేరమాడతాం. బోర్డు మారిస్తే అతనికి నాలుగు డబ్బులు మిగులుతాయి. కాబట్టి షాపుకెళ్లే ముందు మీరే ఓ నాలుగు విషయాలు చూసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ఎంత? పని పెట్టగానే సెకన్లలో ఎగబాకుతోందా, నిమిషాల్లో మెల్లగా పెరుగుతోందా? సెకన్లలో అయితే పేస్ట్‌ని, పంపుని అనుమానించండి. మెల్లగా అయితే రేడియేటర్‌లో దుమ్మునీ, ఫ్యాన్లనీ, నీళ్లు తగ్గడాన్నీ అనుమానించండి. రెండు పైపులూ చేత్తో పట్టుకుని చూడండి. కొత్తగా గుడగుడ చప్పుడేమైనా వస్తోందేమో వినండి. లిక్విడ్ కూలర్ కొంటుంటే డబ్బా మీద రంగు లైట్ల కంటే ముందు వారంటీ ఎన్నేళ్లో చదవండి. ఐదారేళ్లు ఇచ్చేవి ఉన్నాయి. ఆ గడువు దాటాక ప్రతి వేసవీ అనుమానంగానే చూడండి.

పాత కూలర్‌ని నాన్న పారేయనివ్వలేదు. పైపులు కోసి, రాగి పలక విప్పి చూశారు. రెక్కల మధ్య ముదురు ఆకుపచ్చ మడ్డి పేరుకుపోయి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో దాన్ని రుద్ది శుభ్రం చేసి, తమ్ముణ్ని పిలిచి చూపించారు. ఇప్పుడు ఆయన డైరీలో మోటార్ సైకిల్ ఆయిల్ మార్చిన తేదీ కింద ఇంకో వరుస ఉంది: ‘చిన్నోడి కంప్యూటర్, పేస్ట్’. నేను ఫోన్ చేసినప్పుడు ‘ఎలా ఉన్నావు’ అనడం తగ్గించా. ‘ఇవాళ ఎన్ని రెండర్లు అయ్యాయిరా’ అని అడుగుతున్నా. దానికి ‘బానే ఉన్నా’ అని జవాబు చెప్పడం కుదరదు.